వేగము – భయము

సాయంకాలము బడిగంట మ్రోగిన కొంతసేపటికి, కృష్ణగిరి పోవు పెద్దబాట వైపునుండి ఒక హోరు వినవచ్చుచున్నది. అది మన పిల్లలదే. తండ్రుల మోటారు సైకిళ్ళు తీసికొని పందెములు వేసికొనుచున్నారు. ఆ యంత్రములు తయారగు కర్మాగారము గల హోసూరు సీమలో బాలురకు వానిపై మోజు కలుగుట వింత గాదు. తలిదండ్రులు తిట్టుచునే యున్నారు, ఉపాధ్యాయులు హెచ్చరించుచునే యున్నారు. మేము మాత్రము వేగములో ఆనందము లేదని చెప్పబోము. అది అసత్యము. అసత్యము చెప్పు పెద్దలను పిల్లలు నమ్మరు.

మేమును ఆ ఆనందము నెరిగినవారమే. చిన్ననాట ముగ్గురు మిత్రులము వాలుబాటపై సైకిళ్ళ పందెము వేసికొంటిమి. చెవులలో గాలి హోరు, అరచేతుల చెమట, కడుపులో ఏదో జారినట్లుండుట – అది భయమో సంతోషమో ఆనాడు మాకు తెలియలేదు. మలుపు కడ ఒకడు బ్రేకు పట్టెను. తక్కిన యిద్దరము పట్టలేదు. మలుపు కావల రాగిగడ్డి బండి యొకటి అడ్డముగా తిరుగుచుండెను. మా మోకాలు నేటికిని సరిగా వంగదు. అయినను, ఆస్పత్రినుండి వచ్చిన పిమ్మట కూడ మేము పిరికిపంద యని పరిహసించినది బ్రేకు పట్టినవానినే!

భయము, ఉత్సాహము అను రెండును దూరపు చుట్టములు గావు. ఆపద ఎదురైనపుడు అడ్రినలిన్ అను రసము రక్తములో చేరి గుండె వడిగా కొట్టుకొనును. వేగపు ఉల్లాసములోను అదే రసము, అదే గుండె దడ. కావున భయము బొత్తిగా లేనివానికి ఆ ఆనందము మాత్రము ఎక్కడినుండి వచ్చును?

బాటలపై పందెమునకు పేరుపడిన మాన్ ద్వీపమును చూడుడు. అది ఇంగ్లండునకు ఐర్లండునకు నడుమనున్న సముద్రములోనిది. బ్రిటనులో రాజబాటలపై పందెములకు వీలు లేకుండగా, ఆ ద్వీపపు శాసనసభ 1904లో చట్టము చేసి, బాటలను మూసి పందెము జరుపుటకు అనుమతించెను. మోటారు సైకిళ్ళ పందెములు 1907లో ఆరంభమైనవి. ఔత్సాహికులకై 1923లో వేరొక పందెము పుట్టి, 1930 నుండి మాంక్స్ గ్రాండ్ ప్రీ అను పేర సాగుచున్నది. అందు పాల్గొనువారిలో పెక్కురు ఏడాది పొడవున వేరు వృత్తులతో బ్రతుకు సామాన్యులు. బాట యొక్క చుట్టు సుమారు 60 కిలోమీటర్లు. మలుపులు 200కు పైగా. ఊళ్ళ నడుమ, ఇండ్ల గోడల ప్రక్కగా, కొండ భుజము మీదుగా పోవును. 1957లో బాబ్ మెకింటైర్ తొలిసారి గంటకు 100 మైళ్ళ సగటున దానిని చుట్టెను. 2023లో పీటర్ హిక్‌మన్ 136 మైళ్ళు దాటెను.

ఆ పందెము మంచిదని మేము వాదించుట లేదు. ఎన్ని జాగ్రత్తలున్నను ఆ బాటపై 250 మందికి పైగా మరణించిరి. మేము చెప్పదలచినది వేరు. అక్కడ భయమునకు కొలువులో ఉద్యోగమున్నది. ఒక్కొక్కరిని పది సెకండ్ల ఎడముతో విడుతురు. పోటీ ముఖ్యముగా గడియారముతో. క్రొత్తవారికి నారింజరంగు చొక్కా తొడిగి, ముందొకరు దారి చూపగా మితవేగముతో త్రిప్పుదురు. మలుపుల కడ జెండాలతో కావలివారుందురు.

అన్నిటికంటె మేము తలచుకొనునది జాకొమో అగోస్తీని అను ఇటలీ వీరుని. ఆ బాటపై పదిమారులు గెలిచినవాడు. 1972లో వానలో తన మిత్రుడు పార్లోత్తి అక్కడ మరణించెను. అగోస్తీని నాటి పందెము గెలిచియు, ఇక ఆ బాటపై పాల్గొననని తేల్చిచెప్పి మరల అక్కడ పందెమునకు దిగలేదు. 1975లో 500 సి.సి. తరగతిలో మరల ప్రపంచవిజేత యయ్యెను. ఆయనను పిరికివాడనుటకు ఎవరికి నోరాడును?

ఇక మన పెద్దబాట సంగతి. అక్కడ జెండా లేదు, కావలివాడు లేడు. లారీలు, గొడ్లు, సంతనుండి మరలివచ్చు ముసలివారు ఉన్నారు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బండి సెకండుకు 22 మీటర్లు పోవును. గొడ్డు కంటబడి చేయి బ్రేకు పట్టునప్పటికే ఇంచుమించు అంత దూరము గడచును. 40 నుండి 80కి పోయిన, బ్రేకు పట్టిన తరువాత జారు దూరము రెండు రెట్లు గాదు, నాలుగు రెట్లు. తొమ్మిదవ తరగతివారు ఈ లెక్క తామే చేసి చూడవచ్చును.

తలిదండ్రులకొక మనవి. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణచే, మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చును. అంతకంటె పెద్ద సంగతి మరొకటి కలదు. చుట్టముల యెదుట “మావాడు భయమెరుగడండి” యని మీరు మురియుచుందురు. ఆ మాట విన్న పిల్లవాడు ఇక భయమైనదని మీతో చెప్పునా? మలుపులో తనకు తానైనను చెప్పుకొనునా?

వేగము నిజముగా కోరువానికి చోటు లేకపోలేదు. మదరాసు చేరువ షోలవరము విమానపు మైదానముపై పూర్వము పందెములు జరిగెడివి. 1990 నుండి ఇరుంగాట్టుకోట్టైలో అందుకై కట్టిన బాట కలదు. పెద్దవాడై, లైసెన్సుతో, శిరస్త్రాణముతో అక్కడికి పోవువానిని మేమే సాగనంపుదుము.

ఆనాడు బ్రేకు పట్టిన మిత్రుడు ఇప్పుడు పొరుగు తాలూకాలో ఉన్నాడు. మేము పరిహసించినందుకు ఇంతవరకు క్షమాపణ చెప్పుకొనలేదు. ఈ సంచిక ప్రతి ఒకటి ఆయనకు పంపుచున్నాము.