కొనేముందు: తుపాకీ దొరికింది... మరి తూటా?

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఎత్తిపోతల. డెబ్భై అడుగుల పైనుంచి దూకే చంద్రవంక, కింద మడుగులో మొసళ్లు, చుట్టూ అడవి. ఆ అడవి అంచున చేనున్న ఆసామికి ఓ పాత రైఫిలు బేరం తగిలిందనుకుందాం. పెద్దింటి వారసులు అమ్ముతున్నారు. విలాయతీ సరుకు, నిగనిగలాడే కర్ర, ధరా అందుబాటులోనే. ఇంట్లో జోడుగుళ్ల తుపాకీ ఎప్పట్నుంచో ఉంది. ఇదీ తెచ్చుకుంటే అడవి పందుల బెడద తీరుతుందని ఆశ.

బేరం తెగే ముందు చూడాల్సింది గొట్టం మీద చెక్కిన బోరు అంకె.

మన దేశంలో లైసెన్సుదారులకు బాగా అలవాటైన రైఫిలు .315. సైన్యం వాడే .303 తూటా జనం చేతికి పోకూడదని బ్రిటిష్ వాళ్లు దాన్ని నిషేధించారు. దాంతో పౌరులకు .315 స్థిరపడింది. ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారం దాన్నే చేస్తూ వచ్చింది. కానీ దొరల కాలం వేట తుపాకులకు ఎవరి కొలత వారిదే. .318, .405, .423... ఆ తూటాలు పైదేశం నుంచి రావాల్సిందే. 1980ల మధ్యలో తుపాకుల దిగుమతిపై ఆంక్షలు బిగుసుకున్నాయి. ఇక పాత బోర్ల తూటాలు దొరికినచోట దొరికినట్టు, చెప్పిన ధరకే!

నల్లమలలో దిగువమెట్ట వైపు తిరిగిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండేది .405 వించెస్టర్. 1909లో రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటకు తీసుకెళ్లిన బోరూ అదే. అంత పేరున్న తూటా తయారీ సైతం కొన్ని దశాబ్దాల పాటు ఆగిపోయింది. పేరును చూసి కొంటే మిగిలేది గోడకు తగిలించుకునే ఇనుప ముక్కే.

'.318కి .315 తూటా వేస్తే ఏమవుతుంది, మూడు పాయింట్లేగా తేడా' అనే పెద్దమనుషులూ ఉంటారు. ప్రాణాలకు తెగించిన మాట అది. అంకెలు దగ్గరగా ఉన్నంత మాత్రాన తూటాలు ఒకటి కావు. ఇక పాత పెట్టెలో మిగిలిన తూటాలు పేలతాయో లేదో, పేలినా సరిగా పేలతాయో లేదో, చెప్పేవారు ఉండరు. గొట్టంలోకి వెలుతురు పోనిచ్చి చూడండి. లోపలి గాళ్లు అరిగాయా, తుప్పు గుంటలున్నాయా అన్నది గన్‌స్మిత్‌కు చూపించాలి. అమ్మేవారి దగ్గర ఈ పని చేయించుకోవడానికి మొహమాటం అక్కర్లేదు.

కాగితాల పనీ తక్కువేం కాదు. వ్యక్తులు అమ్మేటప్పుడు జిల్లా మేజిస్ట్రేటుకో స్థానిక పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు ఆగాలి. కొన్నవారి లైసెన్సులో ఆ తుపాకీ వివరాలు ఎక్కాలి. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఎన్నికల వేళ ఠాణాలో అప్పగించే తిప్పలు పల్నాడు వారికి వేరే చెప్పాలా!

అసలు చిక్కు ఎత్తిపోతల దగ్గరే. ఈ అడవుల్లోకి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తరించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉన్నవారికి కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి ముందస్తు సమ్మతి ఉండాలి. ఉన్న లైసెన్సుదారులూ తమ పేర్లు నమోదు చేయించుకోవాలి. చేలో పడ్డ పందిని కాల్చడానికి ఆయుధ లైసెన్సు సరిపోదు, అధీకృత అధికారి అనుమతి విడిగా తెచ్చుకోవాలి. అది చేతికి రాకుండా ట్రిగ్గర్ నొక్కితే పంట నష్టం సంగతి అలా ఉంచి, కేసు నడిపించుకోవాలి.

అంటే మన ఆసామి రైఫిలు ధర అడిగే ముందు వేయాల్సిన ప్రశ్న ఇదీ: ఈ బోరు తూటాలు ఏ దుకాణంలో, ఎన్ని, ఎంతకిస్తారు? లైసెన్సున్న తుపాకుల వ్యాపారి దగ్గర ఆ జవాబు కాగితం మీద దొరికితే బేరం కొనసాగించవచ్చు. 'చూద్దాంలెండి, ఎక్కడో దొరక్కపోదు' అంటే, వారసులకు టీ డబ్బులిచ్చి తిరిగి రావచ్చు.