ఆ బిడ్డ నిజంగా అనాథేనా?

విదేశీ దత్తత గురించి మాట్లాడేటప్పుడు మన చూపు బిడ్డ చేరిన ఇంటి మీదే ఉంటుంది. బిడ్డ బయల్దేరిన ఇంటిని ఎవరూ అడగరు. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయటపడ్డ దత్తత కుంభకోణంలో ఆ ఇళ్లు నల్లగొండ వంటి జిల్లాల లంబాడా తండాల్లో ఉన్నాయి. ఆడపిల్ల పుట్టిన పేదింటికి దళారి వెళ్లేవాడు. చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టి, బిడ్డను ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నట్టు కాగితం రాయించుకునేవాడు. ఆ బిడ్డే హైదరాబాద్ చేరాక, వేల డాలర్లు చెల్లించే విదేశీ దంపతులకు దత్తతకు సిద్ధమయ్యేది. ముందు స్వదేశంలో ఇల్లు వెతకాలని, పిల్లలతో వ్యాపారం కూడదని లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. ఆ మార్గదర్శకాలు అమల్లో ఉండగానే ఇదంతా నడిచింది. చివరికి 2001లో రాష్ట్ర ప్రభుత్వం తల్లిదండ్రులు బిడ్డను దత్తతకు వదులుకోవడాన్నే నిషేధించింది.

దత్తత వల్ల మేలు లేదనడానికి వీల్లేదు. నియంత చౌషెస్కు పతనం తర్వాత రుమేనియా అనాథాశ్రమాల నుంచి బ్రిటన్‌కు దత్తు వెళ్లిన పిల్లలను పరిశోధకుడు మైకేల్ రటర్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. ఆరు నెలల లోపు ఇల్లు దొరికినవాళ్లు చాలావరకు తోటిపిల్లలను అందుకున్నారు. ఆశ్రమంలో అంతకుమించి గడిపినవాళ్లలో కొందరికి లోటు పెద్దయ్యాకా పోలేదు. విదేశీ దత్తతను సమర్థించేవారు తరచూ చూపే ఆధారమిది. కానీ బుఖారెస్ట్‌లో జరిగిన మరో పరిశోధనలో, రుమేనియాలోనే పెంపుడు కుటుంబాలకు మారిన పిల్లలు కూడా ఆశ్రమంలో మిగిలినవాళ్లకన్నా బాగా ఎదిగారు. మేలు చేసింది ఇల్లు, అదీ త్వరగా దొరికిన ఇల్లు. పాస్‌పోర్టుకు అందులో వాటా తక్కువే.

మోసాలు ఎక్కడో అరుదుగా జరుగుతాయని కొందరంటారు. దక్షిణ కొరియా సంగతి చూస్తే ఆ మాట నిలవదు. 1950ల నుంచి లక్షకు పైగా పిల్లలను విదేశాలకు పంపిన ఆ దేశంలో, తల్లిదండ్రులున్న పిల్లలను అనాథలుగా నమోదు చేశారని, ఒకరి వివరాలు మరొకరికి అంటగట్టారని అక్కడి సత్యశోధన కమిషన్ 2025లో తేల్చింది. చైనా 2024లో విదేశీ దత్తతకు దాదాపు పూర్తిగా తలుపు మూసింది. విదేశాల నుంచి పిల్లలను దత్తు తీసుకోవడాన్ని నెదర్లాండ్స్ కూడా అదే ఏడాది ఆపేయాలని నిర్ణయించింది.

మనమూ మూసేద్దామా? నా ఉద్దేశంలో వద్దు. ఇప్పుడు భారత్ నుంచి విదేశాలకు వెళ్లేవారిలో ఎక్కువమంది వైకల్యమో జబ్బో ఉన్నవాళ్లు, కాస్త పెద్దయిన పిల్లలు. ఆరోగ్యమైన పసికందు కోసం ఏళ్లకేళ్లు వేచి ఉండే మన దంపతులు వాళ్లను వద్దంటున్నారు (ఈ సంగతి ఒప్పుకోవడానికి మనకు మొహమాటం). తలుపు మూస్తే శిక్ష పడేది ఆ పిల్లలకే. కట్టుదిట్టం చేయాల్సింది మొదటి మెట్టును, అంటే బిడ్డను వదులుకునే ఘట్టాన్ని. బిడ్డను వదులుకోవడానికి వీలిచ్చే 2015 బాల న్యాయ చట్టం, మనసు మార్చుకోవడానికి తల్లిదండ్రులకు రెండు నెలలు ఇస్తుంది. ఆ గడువు ఉందని తండాలోని తల్లికి తెలియాలి కదా! బాలల సంక్షేమ సమితి ఆమెను దళారి, ఆశ్రమం మనుషులు ఎవరూ పక్కన లేకుండా, ఆమె మాట్లాడే లంబాడీలోనే అడగాలి. పంపిన పిల్లల సంఖ్యను బట్టి ఏ సంస్థ ఆదాయమూ పెరగకూడదు.