పిల్లి ఇల్లు పాడుచేస్తే...

గృహ విజ్ఞానం

వేసవి పొడవునా ఏ ఇబ్బందీ తెలియని ఇంటిలో తొలకరి జల్లు పడగానే ఒక మూల నుంచి ఘాటైన దుర్వాసన లేస్తుంది. చాపలు ఎత్తి చూస్తారు, పరుపులు తిరగవేస్తారు, పాత వార్తాపత్రికల కట్టలు వాకిట్లో పడవేస్తారు. చివరకు నేరం పెంపుడు పిల్లిమీద రుజువవుతుంది. పాలు పోసి పెంచినందుకు పగ తీర్చుకుంటున్నదని ఇంటివారు తీర్మానిస్తారు. రెండు మూడు మార్లు ఇలా జరిగిన తరువాత ఆ పిల్లిని గోనెసంచిలో మూటగట్టి ఊరి చివర వదిలి రావడం మన దేశంలో అరుదైన విషయమేమీ కాదు.

పిల్లికి ఇటువంటి పగ ఉండదు. తనకు కేటాయించిన చోటు విడిచి మరొక చోట మూత్రం పోసే పిల్లి సామాన్యంగా మూడు సంగతులలో ఒకటి తెలియజేస్తూ ఉంటుంది. తన ఒంట్లో బాగాలేదు. లేదా తన తొట్టె బాగాలేదు. లేదా తాను తిరిగే ఇలాకాలో తనకు నిశ్చింత లేదు. వీటిలో ఏది కారణమో తేల్చుకోకుండా నేల ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం శూన్యం. మొదట పిల్లిని, తరువాత తొట్టెను, ఆ తరువాతనే నేలను చూడాలి. చాలా ఇళ్ళలో ఈ వరుస తలక్రిందులవుతుంది. అందుకు మూల్యం ఒక్కొక్కసారి పిల్లి ప్రాణమే కావచ్చు.

వాసనకు మూలం

పెంపుడు పిల్లికి పూర్వికులు పశ్చిమాసియా ప్రాంతపు అడవిపిల్లులని 2007లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. నీరు అరుదుగా దొరికే సీమలలో బ్రతకడానికి అలవడిన ఆ జాతి మూత్రపిండాలు నీటిని ఎంతో పొదుపుగా వాడుకుంటాయి. అందువల్ల పిల్లి మూత్రం చాలా చిక్కగా ఉంటుంది. అందులోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. ముక్కుపుటాలను అదరగొట్టే ఘాటు దానిదే.

పిల్లికి మాత్రమే ప్రత్యేకమైన వాసన వేరొకటి ఉన్నది. దాని మూత్రంలో ఫెలినిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అందులో గంధకం ఇమిడి ఉంది. పిల్లి మూత్రపిండాలలో తయారయ్యే కాక్సిన్ అనే ప్రోటీన్ ఈ ఫెలినిన్ ఉత్పత్తిని నడిపిస్తుందని 2006లో జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఫెలినిన్ నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ దుర్గంధం గల గంధకపు సమ్మేళనాలను విడుదల చేస్తుంది. ఈ రోజు తుడిచిన చోట నాలుగు రోజుల తరువాత వాసన హెచ్చడానికీ, గాలిలో చెమ్మ పెరిగినప్పుడు ఎండిపోయిన మరక మళ్ళీ మేల్కొనడానికీ కారణం ఇదే. సంతాననిరోధక శస్త్రచికిత్స జరగని మగపిల్లి మూత్రంలో ఫెలినిన్ పాలు చాలా ఎక్కువ. మనిషికి అసహ్యమైన ఆ వాసన పిల్లుల లోకంలో ఒక చిరునామా వంటిది.

మొదట వైద్యుడు

నిన్నటివరకు క్రమశిక్షణతో మెలగిన పిల్లి హఠాత్తుగా దారి తప్పితే ముందుగా అనుమానించవలసినది వ్యాధిని. మూత్రాశయం వాచినప్పుడు, లేదా అందులో రాళ్ళు ఏర్పడినప్పుడు మూత్రం పోసిన ప్రతిసారీ మంట పుడుతుంది. ఆ బాధను పిల్లి తొట్టెతో ముడిపెట్టుకుంటుంది. తొట్టెలోకి దిగితే నొప్పి కలుగుతుందని భావించి చల్లని నేలనో, మెత్తని పరుపునో వెదుక్కుంటుంది. వయసు మళ్ళిన పిల్లులలో మూత్రపిండాల వ్యాధి, మధుమేహం వచ్చినప్పుడు నీరు ఎక్కువగా త్రాగడం, మూత్రం ఎక్కువగా పోయడం చూస్తాము. కీళ్ళనొప్పులు గల ముసలి పిల్లికి ఎత్తయిన తొట్టె అంచు దాటడమే కష్టం కావచ్చు.

వీటన్నిటిలో అత్యవసరమైనది మగపిల్లికి మూత్రం బంధించడం. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. చిన్న రాయి గాని, ఇసుక వంటి స్ఫటికాలూ జిగురూ కలిసిన ఉండ గాని అడ్డుపడితే మార్గం మూసుకుపోతుంది. పిల్లి పదే పదే తొట్టెలోకి వెళ్ళి ముక్కుతుంది, అరుస్తుంది, మర్మస్థానాన్ని ఆపకుండా నాకుకుంటుంది. ఒకటి రెండు చుక్కలు, ఒక్కొక్కసారి నెత్తుటి చారలు తప్ప ఏమీ రాదు. ఇంటివారు దీనిని మలబద్ధకంగా పొరబడి ఆముదం పట్టి చూస్తారు. ఈలోగా విషపదార్థాలు రక్తంలో పేరుకుంటాయి, పొటాషియం హెచ్చి గుండె లయ తప్పుతుంది. చికిత్స అందకపోతే రెండు మూడు రోజులలోనే పిల్లి మరణించవచ్చు. కనుక మగపిల్లి ముక్కుతున్నా మూత్రం రాకపోతే తెల్లవారేవరకు ఆగకుండా పశువైద్యుని వద్దకు చేర్చాలి. పొట్ట నొక్కడం ప్రమాదకరం. నొప్పి తగ్గుతుందని మనుషులు వాడే పారాసిటమాల్ బిళ్ళ ఇవ్వడం విషమివ్వడమే అవుతుంది.

చిమ్మడం వేరు, పోయడం వేరు

పిల్లి నేలమీద వంగి కూర్చుని మూత్రం పోయడం ఒక పద్ధతి. నిలువుగా నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ గోడమీదనో, తలుపుమీదనో, బీరువామీదనో కొద్దిగా చిమ్మడం మరొక పద్ధతి. రెండవది ఇలాకాకు సరిహద్దు గీయడం. కిటికీ అవతల వీధి గండుపిల్లి సంచరించినా, ఇంట్లోకి కొత్త పిల్లి వచ్చినా ఇది మొదలవుతుంది.

మగపిల్లికి శస్త్రచికిత్స చేయిస్తే సుమారు పదింట తొమ్మిది సందర్భాలలో ఈ అలవాటు తగ్గుతుంది లేదా మానుతుంది. అయిదారు నెలల వయసులో, అలవాటు నాటుకోకముందే చేయించడం మేలు. శస్త్రచికిత్స తరువాత మూత్రంలో ఫెలినిన్ కూడా తగ్గుతుంది గనుక వాసన తీవ్రత సైతం సన్నగిల్లుతుంది.

మానసికమైన ఒత్తిడి కూడా మూత్రాశయానికి వాపు తెప్పించగలదు. పండుగకు సామానంతా కదిలించి వెల్ల వేయించడం, పెళ్ళికి ఇల్లు నిండా చుట్టాలు దిగడం, ఇల్లు మారడం, ఇంట పసిబిడ్డ కలగడం మనుషులకు శుభకార్యాలే. పిల్లికి మాత్రం అవి కల్లోలం. అటువంటి రోజులలో ఎవరూ అడుగుపెట్టని ఒక మూల గదిలో దాని తిండి, నీరు, పడక, తొట్టె అమర్చితే చాలావరకు ఇబ్బంది తప్పుతుంది.

తొట్టె కథ

లిట్టర్ బాక్స్ అని పిలిచే తొట్టెకు సుదీర్ఘ చరిత్ర లేదు. పూర్వం పాశ్చాత్య దేశాలలో పిల్లికి పెట్టెలో బూడిదనో, ఇసుకనో పోసి ఉంచేవారు. 1947లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే యువకుడు ఇసుక అడగవచ్చిన పొరుగింటి ఆమెకు ఎండబెట్టిన ఒక రకపు బంకమట్టి రేణువులు ఇచ్చాడు. భారతీయ గృహిణులు ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి ఈ జాతికి చెందినదే. బూడిదలా అది ఇల్లంతా అంటుకోలేదు. తడిని చక్కగా పీల్చింది. అయిదు పౌన్ల సంచిని 65 సెంట్లకు ఎవరు కొంటారని దుకాణదారు సందేహించగా ఉచితంగా పంచిపెట్టమన్నాడట ఆ యువకుడు. త్వరలోనే అది పెద్ద వ్యాపారమయింది. తడి తగలగానే ఉండకట్టే బెంటొనైట్ మట్టి 1980ల దశకంలో వాడుకలోకి వచ్చింది. మన దేశంలో గుజరాత్‌లోని కచ్ఛ్, రాజస్థాన్‌లోని బాడ్మేర్ ప్రాంతాలలో ఈ ఖనిజం లభిస్తుంది.

కొనే స్తోమత లేనివారు జల్లించిన సన్న ఇసుకను వాడవచ్చు. తడిని పీల్చే గుణం దానికి తక్కువ గనుక తరచుగా మార్చాలి. రంపపు పొట్టు, ఊక కూడా పనికివస్తాయి కాని, దుమ్ము లేకుండా చూసుకోవాలి. సన్నని, మెత్తని, వాసన లేని రేణువులంటే పిల్లులకు సాధారణంగా ప్రీతి. మల్లె, గులాబీ పరిమళాలు చేర్చిన మట్టి యజమాని ముక్కుకు హాయి గొలుపుతుంది గాని పిల్లిని తొట్టెకు దూరం చేస్తుంది.

తొట్టె విషయంలో పాటించవలసిన నియమాలు కొద్దివే.

ఇంటిలో ఎన్ని పిల్లులుంటే వాటికంటె ఒక తొట్టె అదనంగా ఉండాలి. అన్నిటినీ ఒకే చోట వరుసగా పేర్చితే పిల్లి దృష్టిలో అవి ఒకే తొట్టెతో సమానం.

తొట్టె పొడవు పిల్లి శరీరానికి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. మట్టి మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన పోస్తే చాలు. ముసలి పిల్లికీ, కూనలకూ ఒక వైపు అంచు తగ్గించాలి.

అన్నం గిన్నె ప్రక్కన, హోరుమనే బట్టల మిషను ప్రక్కన, కుక్క కాపు కాసే దారిలో తొట్టె పెట్టకూడదు. పిల్లికి ఏకాంతమూ కావాలి, పారిపోయే దారీ కావాలి.

మలాన్నీ, తడిసిన ఉండలనూ రోజుకు ఒకసారయినా తీసివేయాలి. వారానికొకసారి తొట్టెను ఖాళీచేసి మామూలు సబ్బునీళ్ళతో కడిగి ఎండబెట్టాలి. ఉండకట్టే మట్టిని మరుగుదొడ్డిలో పోస్తే గొట్టాలు పూడుకుపోతాయి. కాగితంలో చుట్టి చెత్తలో వేయాలి.

రకం మార్చదలచినప్పుడు పాత మట్టిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. ఒక్కసారిగా మార్చడమే అనేక ఇళ్ళలో తగవుకు మొదలు.

ఫినాయిలు ప్రమాదం

దుర్వాసన అనగానే భారతీయ గృహాలలో చేయి ఫినాయిలు సీసామీదికి పోతుంది. పిల్లి ఉన్న ఇంట ఇంతకు మించిన పొరపాటు లేదు. ఫినాలు జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే ఒక ఎంజైము పిల్లి కాలేయంలో లోపించింది. ఆ ఎంజైముకు సంబంధించిన జన్యువు పిల్లులలో పనిచేయదని 2000లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. తడి నేలమీద నడిచి, ఆ పాదాలను నాకుకున్న పిల్లి విషాన్ని మ్రింగినట్లే. నీళ్ళలో పోయగానే పాలవలె తెల్లబడే క్రిమినాశక ద్రావకాలను పిల్లి తిరిగే చోట వాడకపోవడమే క్షేమం. బీరువాలో వేసే నాఫ్తలీన్ గోళీలను మూలల్లో చల్లడమూ ప్రమాదమే. బ్లీచింగ్ పౌడరు మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది. అమ్మోనియా కలిసిన ద్రావకాల వాసన పిల్లికి మూత్రాన్నే గుర్తుకు తెస్తుంది.

మరక పచ్చిగా ఉన్నప్పుడు పాత బట్టతో అద్ది తడినంతా పీల్చాలి. రుద్దితే అది లోపలికి దిగుతుంది. తరువాత చన్నీళ్ళతో కడగాలి. ఎంజైములు చేర్చిన బట్టల సబ్బుపొడి ఒక వంతు, గోరువెచ్చని నీరు తొమ్మిది వంతులు కలిపి మరకను బాగా తడిపి కొంతసేపు నాననిచ్చి కడిగివేయాలి. ఆరిన తరువాత సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, అది పూర్తిగా ఆవిరయ్యేవరకు పిల్లిని దూరంగా ఉంచాలి.

గంధకపు వాసన మొండిగా నిలిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పనికివస్తుంది. అది ఆ సమ్మేళనాలను ఆక్సీకరణం చెందించి వాసన లేనివిగా మారుస్తుంది. మందుల దుకాణంలో దొరికినది 6 శాతం ద్రావణమయితే సమానంగా నీరు కలిపి వాడాలి. రంగు బట్టలు వెలిసిపోతాయి గనుక ముందుగా కనిపించని చోట పరీక్షించుకోవాలి.

వెనిగర్ అమ్మోనియాను శమింపజేస్తుంది. అయితే పాలరాతి నేలలు, కడప బండలు, తాండూరు, షాబాదు రాళ్ళు సున్నపురాతి జాతివి. ఆమ్లం తగిలితే వాటి నునుపు చెడుతుంది. సిమెంటు నేల మూత్రాన్ని లోపలికి పీలుస్తుంది. అక్కడ ఒకటికి రెండుసార్లు శుద్ధి చేయాలి. దూది పరుపు తడిసినప్పుడు పైగుడ్డ ఉతికినంత మాత్రాన చాలదు. తడిసిన మేరకు దూది తీసివేసి, మిగిలినది ఎండబెట్టి మళ్ళీ ఏకించి కుట్టించాలి. పాత మరకలు ఎక్కడున్నవో తెలియనప్పుడు చీకటిగదిలో అతినీలలోహిత కిరణాల టార్చి వేసి చూస్తే అవి మెరుస్తూ కనిపిస్తాయి.

గర్భిణుల విషయంలో

పిల్లి మలంద్వారా టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి వ్యాపించవచ్చు. గర్భస్థ శిశువుకు అది హాని చేయగలదు. పిల్లి మలంలోని దాని గుడ్ల వంటి రూపాన్ని వివరించిన 1970 నాటి పరిశోధనలో భారతదేశంలో జన్మించిన జె. పి. దుబే భాగస్వామి. ఆ గుడ్లు బయటపడిన వెంటనే అంటుకోవు. అందుకు ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కనుక తొట్టెను ప్రతిదినం శుభ్రం చేయడమే మంచి రక్షణ. గర్భవతి ఆ పని ఇంటిలో మరొకరికి అప్పగించాలి. తప్పనిసరి అయితే చేతితొడుగులు వేసుకుని, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఉడకని మాంసం, కడగని కూరగాయలు కూడా ఈ వ్యాధికి దారులే గనుక నెపమంతా పిల్లిమీద వేసి దానిని వెళ్ళగొట్టవలసిన పనిలేదు.

దండన ఫలించదు

మూత్రంలో పిల్లి ముక్కు రుద్దడం, కర్రతో బెదిరించడం పలు ఇళ్ళలో కనిపించే చికిత్స. జరిగిపోయిన పనికీ, ఇప్పుడు పడిన దెబ్బకూ గల సంబంధం పిల్లికి అర్థం కాదు. యజమాని అంటే భయం మాత్రం మిగులుతుంది. ఆ భయం వ్యాధిని పెంచుతుంది. ఇకమీదట అది మంచం క్రింద, బీరువా వెనుక, ఎవరికీ కనబడని చోటు చూసుకుంటుంది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత. ఇంటివారి తిట్లకు పిల్లి అలవాట్లు కూడా మారవు.

వ్యాధి లేదని వైద్యుడు చెప్పిన తరువాత పిల్లిని కొద్దిరోజులు ఒక చిన్న గదిలో శుభ్రమైన తొట్టెతో ఉంచాలి. అది తొట్టెను క్రమంగా వాడుతున్నదని నిశ్చయమైన పిమ్మట ఒక్కొక్క గదినే తెరవాలి. పూర్వం పాడుచేసిన చోట దాని అన్నం గిన్నె ఉంచితే సామాన్యంగా అక్కడ మళ్ళీ మూత్రం పోయదు. ఇందుకు కొన్ని వారాలు పట్టవచ్చు. గోనెసంచి వెదికే ముందు ఆ కొన్ని వారాల గడువు నోరులేని ప్రాణికి ఇవ్వడం న్యాయం.