పాత కారైతే చిక్కటి ఆయిలేనా?

కాప్రా, సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ సందుల్లో మారుతి 800లు, పాత జెన్‌లు, శాంత్రోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఆఖరి బండికీ పదేళ్లు దాటాయి. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించి మరీ నడుపుకునేవారికి సర్వీసింగ్‌లో తరచూ దొరికే సలహా ఒకటుంది: బండి పాతబడింది, చిక్కటి ఆయిల్ పోయిద్దాం. అంతే, 20డబ్ల్యూ50 డబ్బా మూత తీస్తారు. ఆయిల్ మార్చాల్సింది ఇంజిన్ పరిస్థితిని బట్టే గాని ఆర్సీలో ఉన్న సంవత్సరాన్ని బట్టి కాదు.

మన ఎండలకు పలచటి ఆయిల్ నిలుస్తుందా అన్నది మొదటి అనుమానం. డబ్బా మీది రెండో అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనాన్ని బట్టి ఇచ్చిందే. ఆ వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు ఉంటే 40 గ్రేడు, అక్కడి నుంచి 21.9 లోపైతే 50. బయట 42 డిగ్రీలున్నా 15 ఉన్నా థర్మోస్టాట్ ఇంజిన్‌ను ఇంచుమించు ఒకే వేడిలో ఉంచుతుంది. ఎండ వల్ల ఆయిల్‌కు వచ్చే తేడా కొద్దిగానే. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. కేవలం చలికోసమని 5డబ్ల్యూకు ఎక్కువ డబ్బు పెట్టడం మనకు అనవసరం. పాత అంబాసిడర్‌కు 20డబ్ల్యూ50 పోస్తే ఎవరూ తప్పుపట్టరు. దాన్ని చూసి శాంత్రోకూ అదే పోయడమే చిక్కు.

చిక్కటి ఆయిల్ పోశాక పొగ తగ్గిందిగా అని మెకానిక్‌లు అంటారు. నిజమే, తగ్గుతుంది. రింగులు అరిగి బండి ఆయిల్ తాగుతుంటే, మాన్యువల్‌లోని పట్టిక ఒప్పుకున్నంత వరకు 30 నుంచి 40కి ఒక మెట్టు ఎక్కవచ్చు. ముందు లోపమెక్కడో తేల్చుకోవాలి. పొద్దున స్టార్ట్ చేయగానే నీలంపొగ ఒక్కసారి వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్‌ను అనుమానించాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగుల్ని. సీల్స్ పోతే ఆయిల్ మార్చి లాభం లేదు, సీల్సే మార్చాలి. ఇంజిన్ వేడెక్కి స్లోలో ఉన్నప్పుడు ఆయిల్ లైటు మిణుకుమంటే గేజి పెట్టి ప్రెజరు చూడాలి; చిక్కటి ఆయిల్‌తో ఆ లైటు ఆరిపోవచ్చు గాని అరిగిన బేరింగు అలాగే ఉంటుంది. బండి అమ్మేముందు చప్పుడు అణచడానికి కొందరు చేసేదీ ఇదే. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి, తమ ఎదుటే స్టార్ట్ చేయించుకుని, సైలెన్సర్ వెనక నిలబడి చూసుకోవాలి.