నడుము నొప్పికి పానా వైద్యం

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ కంపెనీలలో కాపలాకు, తోటపనికి, ఊడ్చి తుడిచే పనికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెళ్లేవారిలో సైకిలు తొక్కుకుంటూ వెళ్లేవారు నేటికీ ఉన్నారు. చీకటితో బయలుదేరి, డ్యూటీ అంతా నిలబడి, మళ్లీ అదే సైకిలు మీద ఇల్లు చేరతారు. చేరగానే నడుము పట్టుకుని అరుగు మీద కూలబడతారు. కొందరు మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగుతున్నారు. మరికొందరు ఈ బాధ పడలేక వాయిదాల మీద మోటారు సైకిలు తెచ్చుకుని, జీతంలో పెద్ద భాగం వాయిదాలకూ పెట్రోలుకూ ధారపోస్తున్నారు. తప్పు చాలాసార్లు సైకిలుది కాదు, సీటు ఎత్తుది. దాన్ని సరిచేయడానికి కావలసింది ఒక పానా, పావుగంట తీరిక.

ఇదే ప్రాంతంలో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వరకు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వరకు మరొక భాగం. ఎండ తగలకుండా పైన కప్పు వేసి, ఆ కప్పు మీదనే సూర్యరశ్మితో కరెంటు తీస్తున్నారు. మెచ్చుకోవలసిన పనే. అక్కడికి వ్యాయామానికి వచ్చే ఉద్యోగులలో పలువురు కాళ్ల పొడవు, చేతుల పొడవు కొలిపించుకుని సైకిలు సరిచేయించుకుంటారు. నగరంలో అదొక వృత్తి కూడా అయింది. వారానికి ఒకరోజు సరదాగా తొక్కేవారికి ఉన్న ఈ జాగ్రత్త, కూటి కోసం రోజూ తొక్కేవారికి లేకపోవడం విచారకరం. చొక్కాకు కొలతలిస్తాం, చెప్పులు తొడిగి చూస్తాం. సైకిలు మాత్రం షాపువాడు సీటు ఎక్కడ బిగిస్తే అక్కడే, అరిగిపోయేదాకా!

మన ఊళ్లలో రెండు రకాల పొరపాట్లు కనబడతాయి. పొట్టివాడికి 24 అంగుళాల పాత సైకిలు చేతికొస్తుంది. పెడలు అందక మునివేళ్లతో తొక్కుతాడు. తొక్కినప్పుడల్లా తుంటి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు జారుతుంది. పది కిలోమీటర్లు అలా ఊగితే నడుము నొప్పి రాక ఏమవుతుంది? రెండో పొరపాటు భయం వల్ల వచ్చేది. లారీలు, బస్సుల మధ్య రెండు కాళ్లూ నేలకు ఆనాలని సీటును అడుగుదాకా దించేస్తారు. అప్పుడు మోకాళ్లు పొట్టదాకా లేస్తాయి, వీపు విల్లులా వంగుతుంది. మోకాళ్లు, నడుము రెండూ చెడతాయి.

సరైన ఎత్తు తెలుసుకోవడానికి టేపు కూడా అక్కరలేదు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. ఒక పెడలును పూర్తిగా కిందికి దించి, దాని మీద మడమ పెట్టండి. తుంటి పక్కకు ఒరగకుండా కాలు తిన్నగా చాచుకోవాలి. అదే సరైన ఎత్తు. తొక్కేటప్పుడు మడమ కాకుండా పాదం ముందు భాగం పెడలు మీద ఉంటుంది కనుక మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది. లెక్క కావాలనేవారికి అదీ ఉంది. 1967లో ఇంగ్లండులో హామ్లీ, థామస్ అనేవారు పరీక్షలు చేసి, కాలి లోపలి పొడవుకు 109 శాతం ఎత్తు మంచిదని తేల్చారు. కాలి పొడవు 80 సెంటీమీటర్లయితే, కిందికి దించిన పెడలు ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా 87 సెంటీమీటర్లన్నమాట. మడమ పద్ధతీ ఇంచుమించు అక్కడికే తెస్తుంది. ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనవు. సీటు దిగి నిలబడటం అలవాటు చేసుకోవాలి. ఒక్కసారిగా పైకి లేపకుండా, వారానికి వేలెడు చొప్పున పెంచుకుంటే భయం ఉండదు. సీటు గొట్టం మీద హద్దు గీత ఉంటే మాత్రం అది బయటికి కనబడేదాకా లాగరాదు. విరిగితే ప్రాణాపాయం.

సీటు ముక్కు పైకి లేవకూడదు, కిందికి వాలకూడదు. సమంగా ఉండాలి. ముక్కు వాలితే మనిషి ముందుకు జారి, బరువంతా చేతుల మీద పడుతుంది. హాండిలు మరీ దూరమై వీపు సాగదీయవలసి వస్తే సీటును కాస్త ముందుకు జరపవచ్చు, హాండిలును కొంత పైకి లేపవచ్చు. కుర్రకారు ముచ్చటపడి కొనే తిన్నని హాండిలు సైకిళ్లలో ఈ బాధ ఎక్కువ. కడ్డీ బ్రేకుల పాత సైకిలుకు హాండిలు లేపితే బ్రేకు కడ్డీలు కూడా వెంట వస్తాయి, చక్రం పట్టేస్తుంది. వాటిని తిరిగి సరిచేయడం తెలియనివారు ఆ పని మేస్త్రీకి వదిలేయడమే మంచిది.

టిఫిను సంచి వీపుకు తగిలించుకోకుండా క్యారియరుకు కట్టుకోవాలి. ఒకే సైకిలును తండ్రీ కొడుకులు తొక్కే ఇళ్లలో సీటు గొట్టం మీద ఇద్దరికీ రెండు రంగుల గీతలు పెట్టుకుంటే రోజూ కొలుచుకునే పని ఉండదు. ఇన్ని చేసినా నొప్పి తగ్గకపోయినా, నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరెక్కినా పానాను పక్కనబెట్టి డాక్టరును చూడాలి. కాలు పట్టు తప్పినా, మూత్రానికి ఇబ్బంది అయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

సైకిలు షాపులవారికి ఒక మనవి. సైకిలు అమ్మేటప్పుడు కొనేవాణ్ణి ఒకసారి ఎక్కించి, సీటు అతని కాలికి సరిపెట్టి పంపండి. పంక్చరుకు వచ్చిన పాత సైకిలుకైనా ఆ రెండు నిమిషాలు కేటాయించండి. హైటెక్ సిటీ కంపెనీలవారు గేటు దగ్గర గదిలో ఒక గాలి పంపు, రెండు పానాలు ఉంచితే వారికయ్యే ఖర్చు ఎంత? ఆ గేటు కాసేవాడు ఏ ఊరి నుంచి ఎలా వస్తున్నాడో అడిగినవారు ఎవరైనా ఉన్నారా?