మిల్లు ఆగితే పట్టణం ఆగుతుంది

2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. రాష్ట్రం వెలిగిపోతోందనడానికి అదే సాక్ష్యమన్నారు. భూమి అమ్మిన సొమ్ము ఒక్కసారే వస్తుంది, పంట అమ్మిన సొమ్ము ఏటా వస్తుంది. ఈ తేడా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

చిన్న పట్టణం బతికేది ఆ ఏటా వచ్చే సొమ్ముతోనే. బోధన్‌నే చూడండి. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. నీళ్ల వెంట చెరకు, చెరకు వెంట శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చాయి. కొట్టిన చెరకు ఒకటి రెండు రోజులు ఆగితే తూకం తగ్గుతుంది, పంచదార శాతం పడిపోతుంది. అందుకే మిల్లు పొలం దగ్గరే ఉండాలి. ఏ మహానగరమూ దాన్ని ఎత్తుకుపోలేదు. క్రషింగ్ నడిచినన్నాళ్లూ కోత కూలీకి, బండి తోలేవాడికి, ఎరువుల దుకాణానికి, టీ కొట్టుకు కూడా చేతిలో డబ్బు ఆడేది.

ఎత్తుకుపోలేని మిల్లును మూసేయడం మాత్రం సాధ్యమైంది. 2002లో ప్రైవేటు చేతికిచ్చారు. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. బోధన్‌తోపాటు ముత్యంపేట, మంబోజిపల్లి మిల్లులూ ఆగాయి. రైతులు వరికి మళ్లారు. పిల్లలు హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో దారి పట్టారు.

హైదరాబాద్ పన్నులతోనే పల్లెల పథకాలు నడుస్తున్నాయని కొందరంటారు. కాదనం. అయితే నిజాంసాగర్‌కు ఎగువన అదే మంజీరపై సింగూరు కట్టి పట్నానికి నీళ్లు తీసుకెళ్లారు. పట్నం దాహం తీరకూడదని మేమెన్నడూ అనలేదు. కానీ దిగువ ఆయకట్టు పోగొట్టుకున్నది ఆ పన్నుల లెక్కలో ఎక్కడ రాశారు?

2024 జనవరిలో మిల్లుల పునరుద్ధరణకు ప్రభుత్వం కమిటీ వేసింది. మంచిదే. అసలు చిక్కు వేరే ఉంది: చెరకు లేనిదే మిల్లు తిరగదు, మిల్లు తిరుగుతుందన్న నమ్మకం లేనిదే రైతు చెరకు నాటడు. చెరకు ఏడాది పంట. మధ్యలో మాట తప్పితే మునిగేది రైతే. కనుక ముందడుగు సర్కారుదే. నాట్లకు ముందే క్రషింగ్ తేదీ, టన్ను ధర, నిజాంసాగర్ నీటి విడుదల రాతపూర్వకంగా ప్రకటించాలి. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలని 1966 నుంచీ చట్టంలో ఉన్నదే. దానికి ప్రభుత్వమే పూచీ ఉండాలి. ఈ నెల మండల కమిటీలు ఊరూరా సమావేశమై, ఆ పూచీ దొరికితే ఎన్ని ఎకరాల్లో చెరకు వేస్తారో రైతుల సంతకాలతో రాయించి పంపాలని కోరుతున్నాం.