పల్లమెరగని నీరు

“నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అన్నారు పెద్దలు. నిజం సంగతి దేవుడికే వదిలేద్దాం. నీటి మాట మాత్రం మా సాగరు కాలవల కింద చెల్లడం లేదు. ఎగువన ఉన్నవాడి చేను ముందు తడుస్తుంది. పల్లంలో ఉన్న చివరి రైతు గట్టుమీద నిలబడి ఎదురుచూస్తాడు. ఆ సామెత చెప్పినవారు వాగును చూసి చెప్పి ఉంటారు గాని, తూముకు తలుపులున్న కాలవను చూసి కాదు. ఇదే మాట తరగతిలో వస్తే, చివరి ఊళ్ళ నుంచి వచ్చిన ఒక కుర్రవాడు “మా కాలవలో నీరు పలుకుబడి ఎరుగునండీ” అన్నాడు. తరగతంతా నవ్వింది. అతను నవ్వలేదు.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం నుంచి 1967 ఆగస్టులో కాలవలకు నీళ్ళు వదిలారు. కుడికాలవ 200 కిలోమీటర్లకు పైగా సాగి, పల్నాడు దాటి ప్రకాశం జిల్లా మెట్టలకు చేరుతుంది. ఆ కొసన మిరప వేసినవాడికి పూతమీద ఒక్క తడి తప్పితే పెట్టుబడి పూతతోపాటే రాలిపోతుంది.

ఈ తగవు తీర్చడం చాలాకాలం ఇంజనీర్ల, లస్కర్ల వంతుగానే ఉండేది. 1997లో శాసనసభ చట్టం చేసి, సాగునీటి వినియోగదారుల సంఘాలను పెట్టింది. ఆ జూన్‌లోనే 10,000కు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగాయి. కాలవ బాగుచేయించుకోవడం, నీటి వంతులు నిర్ణయించుకోవడం ఇక రైతుల పని అన్నారు. మంచి మాటే.

అయితే ఓటెవరికి? భూమి రికార్డులో పేరున్నవారికి. కౌలుదారు పేరు రికార్డుకెక్కితే అతనికీ ఉంటుంది. కాని మన వైపు కౌళ్ళు చాలావరకు నోటిమాట మీద నడిచేవే గదా! యజమాని గుంటూరులోనో, హైదరాబాదులోనో ఉంటాడు. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర కాపలా కాసేవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఆడవారి సంగతీ అంతే. కలుపు తీసేదీ, కాయ కోసేదీ వారు. పాసుపుస్తకంలో పేరు మాత్రం ఏ కొద్దిమందికో. చేనుకు ఏ రోజున తడి కావాలో బాగా తెలిసినవారే సభకు వెలుపల ఉండిపోయారు.

ఇందుకు భిన్నమైన ప్రయత్నం కూడా మన ప్రాంతం చూసింది. 2003 నుంచి కొన్నేళ్ళపాటు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, ప్రకాశంతో సహా 7 జిల్లాల్లో బోర్ల కింది రైతులకు నీటిని కొలవడం నేర్పారు. ఎంత వాన పడిందీ, బోరులో నీరు ఎంత లోతున ఉన్నదీ వారే చూసి, ఊళ్ళో బోర్డుమీద రాసేవారు. ఈ పనిలో ఆడవారూ ఉన్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని లెక్క కట్టేవారు. వరి వేయవద్దని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క కళ్ళెదుట కనబడేసరికి చాలాచోట్ల రైతులే నీళ్ళెక్కువ తాగే పంటలు తగ్గించుకున్నారు.

కాలవకు మాత్రం ఇది పనికిరాదా? మొదటి తూము దగ్గర ఎంత పారిందీ, చివరి తూముకు ఎంత చేరిందీ రోజూ అందరికీ కనబడేలా రాస్తే, పలుకుబడికి కాస్త సిగ్గు కలగవచ్చు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఘాలకు మళ్ళీ ఎన్నికలు జరిగాయి. సంఘం ఉంటే చాలదు, దాని ముందు లెక్క ఉండాలి. ఆ లెక్క అడిగే హక్కు చివరి చేనువాడికీ ఉండాలి.

పట్నంలో కాపురముంటూ ఊళ్ళో నాలుగెకరాలు కౌలుకిచ్చిన పాఠకులతో ఒక మాట. 2019లో వచ్చిన చట్టం, యజమాని సంతకం చేస్తే కౌలుదారుకు 11 నెలలకు సాగు హక్కు పత్రం ఇవ్వవచ్చునన్నది. దానివల్ల యజమాని భూమి హక్కు పోదు. అయినా ఆ సంతకం దగ్గరే మన కలం ఆగిపోతున్నది. చేను అతనికి అప్పగించినప్పుడు, నీటి సభలో అతని పేరు చెప్పుకోవడానికి ఒక్క సంతకం పెట్టలేమా? ఈ సంగతి ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోవారితో మాట్లాడి చూడండి.